సమస్య: రాయి పంటఁ దగుల రాజ్య మబ్బె

పృచ్ఛకుడు:
ఈ వారం సమస్య ఆటవెలది పద్యంలో నాలుగో పాదం, ముందు మూడు పాదాలు మీరు రాసి దీనికి అర్థం కుదర్చాలి. పంటఁ దగుల అంటే పంటికి తగలగా అని, పొలంలో పంట కాదు. షరతు ఒక్కటే, ఫ్రాన్స్ వెళ్ళినవాళ్ళు తిని తీరాల్సిన ఏదో ఒక తీపి మీదే పూరించాలి. రాయి ఏంటో, రాజ్యం ఎట్లా వచ్చిందో రెండూ తేలాలి, ఒకటి తేల్చి ఇంకోటి గాలికొదిలేస్తే ఊరుకోను.

గోదారిగట్టు:
నాది ఇదిగో గురువుగారూ,

పండుగకని కొన్న ప్యారిసు రొట్టెలో
బుల్లి బొమ్మ యొకటి పొంచి యుండె
కాగితంపుఁ బాగఁ గట్టిరి నా నెత్తి
రాయి పంటఁ దగుల రాజ్య మబ్బె

ఇది గలెట్ దె రువా అండీ. జనవరి 6 ఎపిఫనీ పండగకి చేస్తారు, పొరలు పొరలుగా ఉండే గుండ్రటి రొట్టె, లోపల బాదం క్రీము, అందులో ఫెవ్ అని చిన్న పింగాణీ బొమ్మ దాచిపెడతారు, పూర్వం నిజంగానే చిక్కుడు గింజ పెట్టేవారట. ఇంట్లో అందరికన్నా చిన్న పిల్లాడు బల్లకింద దూరి ఏ ముక్క ఎవరికో అరిచి చెబుతాడు, బొమ్మ ఎవరికొస్తే వాళ్ళే ఆ రోజుకి రాజు, కాగితం కిరీటం బేకరీవాడే ఇస్తాడు.

పృచ్ఛకుడు:
బాగుంది. బు-పొ యతి, అదే పాదం మొదటి అక్షరానికీ నడిమి అక్షరానికీ ఉండాల్సిన జత, చక్కగా కుదిరింది. కానీ వరస చూడు బాబూ, మూడో పాదంలోనే పాగా కట్టేశారు, రాయి తగిలింది నాలుగో పాదంలో, పట్టాభిషేకం అయ్యాక రొట్టె కొరికినట్టుంది. ఇంకోమాట, దక్షిణాన ప్రొవాన్స్ వైపు ఈ పొరల రొట్టె బదులు పైన పళ్ళముక్కలు అద్దిన బ్రియోష్ చక్రం, అంటే మెత్తటి వెన్నరొట్టె, చేస్తారు, అందులోనూ బొమ్మ ఉంటుంది, ఏదైనా నిదానంగా నమలండి.

కొత్తపలక:
మొదటిసారి రాస్తున్నా, తిట్టకండి 🙏 క్రెమ్ బ్రులే మీద, కస్టర్డు పైన కాల్చిన చక్కెర పెంకు ఉంటుందే అది

చెంచతోటి కొట్టి చక్కెర పగిలింది
లోన కస్టర్డు చల్లగా తగిలింది
పలుచనైన ముక్క పటపట నములంగ
రాయి పంటఁ దగుల రాజ్య మబ్బె

పృచ్ఛకుడు:
తిట్టనులే. మొదటి పాదంలో చెం-చ, హల్లు కలిసింది, అచ్చు కలవలేదు. పైగా "కొట్టి పగిలింది" అంటే కొట్టింది కూడా చక్కెరే అవుతుంది. "చెంచతోటి కొట్టఁ జిట్లెను జక్కెర" అను, రెండూ సర్దుకుంటాయి. రెండో పాదంలో కస్టర్డు త గణం, అంటే రెండు గురువులూ ఒక లఘువూ, అక్కడ అంతకన్నా పొట్టివైన సూర్యగణాలే కావాలి, ఎంత తోసినా దూరదు. "క్రింద మెత్తనైన క్రీము దక్కె" అంటే సరిపోతుంది. మూడోది నీదే, బాగుంది, కాల్చిన చక్కెర పెంకు ముక్క పంటికింద పటపటమనడం కళ్ళకి కట్టింది. మరి రాజ్యం ఏదమ్మా?

కొత్తపలక:
తినేవాడికి రాజ్యమే కదండీ 😅

పృచ్ఛకుడు:
అట్లా అయితే పెసరట్టుకీ రాజ్యమే. తర్వాత.

ఎర్రమట్టి:
చెర్రిపండ్ల పిక్క చేపెట్టి తీయక
పాలు గ్రుడ్డు పిండి పైన బోసి
అవ్వ యిచ్చె ముక్క హా యను రుచితోడ
రాయి పంటఁ దగుల రాజ్య మబ్బె

లిమూజాఁ ప్రాంతం క్లాఫుతి. అక్కడివాళ్ళు చెర్రీల పిక్కలు కావాలనే తీయరు, పిక్క ఉంటే పండు రసం పిండిలోకి కారిపోదు, కొంచెం బాదం వాసన కూడా దిగుతుంది. టూరిస్టులు తెలీక కసుక్కున కొరికి దవడ పట్టుకుంటారు.

గోదారిగట్టు:
అన్నా రాయి మటుకు మీదే గట్టిది. నేను బోర్డో ఊరి కానెలే అనే చిన్న కేకు మీద ట్రై చేసి వదిలేశా, పైన మాడిన పెంకు, లోపల రమ్మూ వెనిలా వాసనతో మెత్తగా ఉంటుంది, తినడానికి అద్భుతం, రాయి అనడానికి పనికిరాదు.

పృచ్ఛకుడు:
ఎర్రమట్టిగారూ, అ-హా యతి ఒప్పుకుంటా. రాజ్యమే మళ్ళీ తేలలేదు. మూడో పాదం "తిన్నవాని నోరు తీపికి దొర కాఁగ" అని మార్చి చూడండి, అవ్వ పోతుంది గానీ అన్వయం నిలబడుతుంది.

ఎర్రమట్టి:
అవ్వని తీసేసి పద్యం నిలబెట్టుకోలేనండి, అట్లాగే ఉండనివ్వండి.

తుంగభద్ర:
పోయె నేలునట్టి పోలండు చేజారి
అల్లుఁ డిచ్చినట్టి యండఁ జేరె
రమ్ములోన ముంచె రాయంటి కేకును
రాయి పంటఁ దగుల రాజ్య మబ్బె

పోలండు గద్దె పోగొట్టుకున్న స్తానిస్లాస్, పదిహేనో లూయీకి మామగారు. ఎండిపోయిన కేకు తినలేక తడిపించుకున్నాడని, అదే బాబా అయిందని కథ. ఆయన దగ్గరి వంటవాడు స్తోరే, 1725లో రాజుగారమ్మాయి పెళ్ళయ్యాక ఆమెతో వెర్సాయి వెళ్ళి, 1730లో ప్యారిస్ ర్యూ మోంతొర్గేయిలో కొట్టు పెట్టాడు, ఇప్పటికీ నడుస్తోంది.

పృచ్ఛకుడు:
అబ్బ! ఇందులో రాజ్యం నిజం రాజ్యం. స్తానిస్లాస్‌కి లొరేన్ సంస్థానం దక్కింది 1737లో, అంటే ముందు పంట రాయి, తర్వాతే రాజ్యం, సమస్య ఏ వరసలో అడిగిందో అదే వరస. రెండు పేచీలు. రాయిని మూడో పాదంలోనే బయటపెట్టేశారు, నాలుగో పాదానికి ఏం మిగిలింది? రెండు, మొదట్లో తీపి వైనులో నానబెట్టేవారంటారు, రమ్ము తర్వాత వచ్చింది. "వైనులోన ముంచె వరుగంటి కేకును" అంటే రెండు పేచీలూ తీరతాయి.

తుంగభద్ర:
వరుగు! తీసుకున్నా గురువుగారూ 🙏

గోదారిగట్టు:
ఇంకోటి వదలనా, పాతదానికి తోక

రాజు లేని చోట రానీరు బొమ్మను
ఎలిజె రొట్టెలోన నేమి లేదు
వీథివాని కయిన విందులో ముక్కలో
రాయి పంటఁ దగుల రాజ్య మబ్బె

ఎలిజే అంటే వాళ్ళ రాష్ట్రపతి భవనం. ఏటా అక్కడికీ పెద్ద గలెట్ వస్తుంది గానీ అందులో బొమ్మ పెట్టరు, రిపబ్లిక్ అధ్యక్షుడు రాజు కాకూడదు కదా.

పృచ్ఛకుడు:
ఈసారి వరస తప్పలేదు, చమత్కారం కూడా కుదిరింది. నా ఓటు దీనికీ తుంగభద్రగారిదానికీ చెరిసగం.

కొత్తపలక:
నేను మార్చిలో ప్యారిస్ వెళ్తున్నా, ఈ గలెట్ దొరుకుతుందా?

గోదారిగట్టు:
కష్టమమ్మా, జనవరి దాటితే మామూలు బేకరీల్లో తీసేస్తారు. చెర్రీలు కూడా అక్కడ ఎండాకాలం వచ్చాకే కాబట్టి క్లాఫుతి మీద ఆశ పెట్టుకోకు. బాబా, క్రెమ్ బ్రులే ఎప్పుడైనా ఉంటాయి. బాబా మటుకు రమ్ము వడకట్టి ఇవ్వరు, చిన్న పిల్లలుంటే చూసుకో.

ఎర్రమట్టి:
ఈలోగా మొదటి రెండు పాదాలు దిద్ది మళ్ళీ పెట్టమ్మా కొత్తపలకా.