అమ్మతో రోమ్: నేల కింద సమాధుల్లోకి దిగగలదా, ఏది చూపించాలి?

ఫిరంగిపురం అమ్మాయి:
మ్యూనిక్‌లో ఉంటున్నాం. వచ్చే నెల మా అమ్మ వస్తోంది, తనకి 67. రోమ్ తీసుకెళ్దామని ప్లాన్. వాటికన్ సంగతి సరే. కానీ మొదటి క్రైస్తవులు నేల కింద గుహల్లో దాక్కుని బతికారని మా ఊరి ఫాదర్‌గారు ఎప్పుడో ప్రసంగంలో చెప్పారట, అవి చూడాల్సిందేనంటోంది. మోకాళ్ళేమో సహకరించవు. గుణదల కొండ మీద శిలువ దాకా ఎక్కడం మానేసి నాలుగేళ్ళయింది. నాకు ఇరుకు చోట్లంటే టెన్షన్, లిఫ్ట్‌లో కూడా కళ్ళు మూసుకుంటాను. లోపల ఎముకలు కనిపిస్తాయా? ఒక్కటే చూడాలంటే ఏది?

బ్యాక్‌ప్యాక్ బాబాయ్:
వద్దండీ బాబూ! మేం పోయినేడు క్యాటకోంబ్స్‌కి, అదే నేల కింద సమాధుల సొరంగాలకి వెళ్ళాం. గోడల పొడుగునా పుర్రెలే, కట్టెలు పేర్చినట్టు పేర్చారు. మా పాప ఆ రాత్రి నిద్రపోలేదు.

అప్పియా అల్లుడు:
బాబాయ్‌గారూ, మీరు చూసింది పారిస్‌వి. ఊళ్ళో శ్మశానాలు నిండిపోతే 1786 నుంచి ఎముకలు తవ్వి తీసి అక్కడ సర్దారు. వాటికీ తొలి క్రైస్తవులకీ ఏ సంబంధమూ లేదు. రోమ్‌లో క్యాటకోంబ్స్ టూర్‌లో నాకు ఒక్క ఎముకా కనిపించలేదు. గోడకి అడ్డంగా, రైలు బెర్తుల్లా ఒకదాని మీద ఒకటి తొలిచిన ఖాళీ గూళ్ళే ఉంటాయి.

మేడమ్, నేను రోమ్‌లో మూడేళ్ళున్నాను. ఇండియా నుంచి ఎవరొచ్చినా తిప్పి చూపించడం నా డ్యూటీ. మొదటిసారి మా మామగారిని శాన్ కలిస్టో అనే క్యాటకోంబ్‌కి తీసుకెళ్ళాను. అది బుధవారం. బుధవారం అక్కడ సెలవు. గేటు ముందు ఆయన నన్నేమీ అనలేదు, అదే భయం వేసింది. నడిచే దూరంలో శాన్ సెబాస్టియానో అనే ఇంకో క్యాటకోంబ్ ఉండబట్టి పరువు దక్కింది. అసలు క్యాటకోంబ్ అన్న పేరు పుట్టింది ఆ చోటు పేరు నుంచే. కాబట్టి ముందు ఒక్కో క్యాటకోంబ్ సెలవు రాసుకోండి: శాన్ కలిస్టోకి బుధవారం, డొమిటిల్లాకి మంగళవారం, ప్రిసిల్లాకి సోమవారం.

దాక్కుని బతకడం మాత్రం కథే. ఊరి గోడల లోపల శవాన్ని పూడ్చకూడదని రోమన్ చట్టం. అందుకే సమాధులన్నీ ఊరి బయట రోడ్ల పక్కన ఉంటాయి. పైన నేల ఖరీదు, కిందేమో టుఫో అనే మెత్తటి అగ్నిపర్వత రాయి. పారతో తవ్వితే తెగుతుంది, గాలి తగిలాక గట్టిపడుతుంది. అందుకే అంతస్తుల కొద్దీ తవ్వుకుంటూ పోయారు. ఒక్క శాన్ కలిస్టోలోనే సుమారు 20 కిలోమీటర్ల సొరంగాలు ఉన్నాయంటారు. మనకి చూపించేది అందులో చిన్న ముక్క.

ఇక మీ టెన్షన్. దారి వెడల్పు మీటరుకి అటూ ఇటూ, మోచేతులు చాపితే గోడలు తగులుతాయి. కానీ పైకప్పు ఎత్తుగానే ఉంటుంది, లైట్లు ఉంటాయి, గైడ్ లేకుండా ఎవర్నీ వదలరు. అరగంట, ముప్పావుగంటలో పైకి వచ్చేస్తారు. వీలైతే గైడ్ వెనకాలే నడవండి. ముందు మనుషులు లేకపోతే ఊపిరాడనట్టు ఉండదు, అది నా అనుభవం. ఫోటోలు నిషేధం. ఎండాకాలమైనా శాలువా పెట్టుకోండి, లోపల పదిహేను డిగ్రీల దగ్గరే ఉంటుంది.

అమ్మగారికైతే నా ఓటు ప్రిసిల్లాకే. మెట్లు ఎక్కడైనా తప్పవు, కానీ అక్కడ జనం తక్కువ, ఎవరూ తొయ్యరు. లోపల ఒకచోట పైకప్పు మూల, అరచేతులు రెండూ పక్కపక్కన పెట్టినంత మేర, ఒక బొమ్మ ఉంటుంది: ఒళ్ళో బిడ్డతో మరియమాత, పక్కన నక్షత్రాన్ని చూపిస్తున్న ప్రవక్త. 3వ శతాబ్దానిది. ఆమె బొమ్మల్లో మనకి మిగిలిన అతి పాతవాటిలో ఒకటి. గైడ్ టార్చ్ వేసేదాకా మరక అనుకుంటాం.

పోప్‌ల సమాధులే కావాలంటే శాన్ కలిస్టో. 3వ శతాబ్దపు పోప్‌లు తొమ్మిది మందిని ఒకే గదిలో పెట్టారు, పలకల మీద పేర్లు లాటిన్‌లో కాదు, గ్రీకులో. ఎవరికీ తెలియకుండా పడున్న ఆ గదిని 1854లో డి రోస్సి అనే పురావస్తు పండితుడు కనిపెట్టాడు. 118 బస్సు వెళ్తుంది. దిగాక అప్పియా రోడ్డు మీద నడవకండి, ఫుట్‌పాత్ లేదు, కార్లు మోచేతిని రాసుకుంటూ పోతాయి. క్వో వాదిస్ చర్చి పక్క గేటు నుంచి చెట్ల మధ్య లోపలి దారి ఉంది.

ఫిరంగిపురం అమ్మాయి:
థాంక్యూ అండీ! మరి ఎముకలన్నీ ఏమయ్యాయి? అమ్మ అడుగుతోంది.

అప్పియా అల్లుడు:
దండయాత్రల్లో సమాధులు కొల్లగొట్టడం మొదలయ్యాక, 9వ శతాబ్దం నాటికి ముఖ్యమైన పునీతుల అవశేషాలన్నీ ఊళ్ళోని చర్చిలకు చేర్చారు. ఆ తర్వాత జనం రావడం తగ్గి, దారులే మర్చిపోయారు. మామూలు మనుషుల సమాధులు కొన్ని, టూర్ వెళ్ళని సొరంగాల్లో, మూసినవి మూసినట్టే ఉన్నాయి. చదువు రాని వాళ్ళు తమవాళ్ళ గూడు గుర్తుపట్టడానికి తడి సున్నంలో ఏదో ఒకటి గుచ్చేవాళ్ళు: నాణెం, గవ్వ, గాజు ముక్క. గోడల మీద ఆ గుంటలు చూపించమని గైడ్‌ని అడగండి. నాకు పోప్‌ల గది కంటే అవే గుర్తున్నాయి.

ఫిరంగిపురం అమ్మాయి:
వెళ్ళొచ్చాం! ప్రిసిల్లాకే. అమ్మ మెట్లు ఒక్కొక్కటీ దిగింది, పైకొచ్చేటప్పుడు రెండుసార్లు ఆగింది. నేను మాత్రం గైడ్ వెనక ఒక్క అడుగు దూరంలో ఉన్నాను, పర్లేదు. మరియమాత బొమ్మ దగ్గర అమ్మ ఏమీ మాట్లాడలేదు. తర్వాత ఒకచోట చాలా చిన్న గూళ్ళు వరసగా కనిపించాయి. జానలు లెక్కపెడుతున్నట్టు గాల్లో చెయ్యి పెట్టి చూసింది. మూడు జానలు కూడా లేదు. పసిపిల్లలవట. కొవ్వొత్తి వెలిగిస్తానంది, గైడ్ కుదరదన్నారు.

బస్సులో కూర్చున్నాక ఒకటే ప్రశ్న: "నవంబర్‌లో సమాధుల పండక్కి మన నాలుగు సమాధులకి సున్నం వేయించేసరికే నడుం పడిపోతుంది. ఇన్నింటికి ఎవరు వేస్తార్రా?"