45 వాట్ల యాంప్ (యాంప్లిఫయర్) కెఫ్ క్యూ150 స్పీకర్లకి సరిపోతదా, 100 వాట్లు కావాల్సిందేనా?

కూకట్‌పల్లి_కుర్రోడు

అందరికీ నమస్తే. మాది కూకట్‌పల్లిలో టూ బీహెచ్‌కే, చిన్న బెడ్‌రూమ్ ఖాళీగా ఉంటే దాన్ని పాటల రూమ్ చేసుకున్నా. 12 బై 11, కింద టైల్స్, ఒక గోడకి పుస్తకాల అలమారా, అంతకుమించి ఏం లేవు. సెకండ్‌హ్యాండ్‌లో కెఫ్ క్యూ150 స్పీకర్ల జత దొరికితే తీస్కున్నా, ఇప్పుడు యాంప్ దగ్గర ఆగిపోయా. మా ఆఫీసులో ఒకాయన డెనాన్ పీఎంఏ-600ఎన్‌ఈ యాంప్ మంచి రేటుకి ఇస్తా అంటున్నాడు. సరే ఒకసారి కనుక్కుందాం అని ఒక షాపుకి పోతే, "45 వాట్లా? వంద లేకపోతే ట్వీటర్లు కాలిపోతయ్ సార్" (ట్వీటర్ అంటే స్పీకర్‌లో సన్నటి స్వరాలు పలికే చిన్న భాగం) అని భయపెట్టి దానికి డబుల్ రేటుది చూపించిండు. ఇంకో కన్‌ఫ్యూజన్ ఏందంటే అదే డెనాన్‌కి ఒకచోట 70 వాట్లు అని ఉంది, ఇంకోచోట 45 అని ఉంది. ఏది నమ్మాలె? కూర్చునేది స్పీకర్లకి 8 అడుగుల దూరంలో. వినేది ఇళయరాజా, ఘంటసాల, పొద్దున పూట కచేరీలు. తని ఆవర్తనం (కచేరీలో మృదంగం సోలో) వచ్చినప్పుడు మాత్రం సౌండ్ కొంచెం పెంచుతా, అబద్ధం ఎందుకు చెప్పాలి.

ఓమ్స్_లా_ఓంకారం

రెండు నంబర్లూ నిజమే బ్రో. 45 అనేది 8 ఓమ్స్‌కి (ఓమ్స్ అంటే స్పీకర్ కరెంట్‌ని ఎంత అడ్డుకుంటదో చెప్పే లెక్క), 20 హెర్ట్జ్ నుంచి 20 కిలోహెర్ట్జ్ మొత్తానికి, అంటే చెవికి వినపడే స్వరాలన్నిటికీ. 70 అనేది 4 ఓమ్స్‌కి, అది కూడా ఒక్క 1 కిలోహెర్ట్జ్ దగ్గర, డిస్టార్షన్ (సౌండ్ పాడవడం) ఎక్కువ ఒప్పుకుని కొలిచింది. నువ్వు 45 నే లెక్కలోకి తీస్కో. టేప్‌రికార్డర్ల రోజుల్లో డబ్బా మీద 1000 వాట్స్ పీఎంపీవో అని ఉబ్బించిన లెక్క వేసేవాళ్లు కదా, దానితో పోలిస్తే ఇది ఎంతో నిజాయితీ.

ఇప్పుడు అసలు లెక్క. క్యూ150 సెన్సిటివిటీ 86 డీబీ (డెసిబెల్స్, సౌండ్ కొలత), అంటే 2.83 వోల్టులు ఇస్తే (8 ఓమ్స్‌కి అది 1 వాట్) మీటరు దూరంలో 86 డీబీ వస్తది. నువ్వు కూర్చునేది దాదాపు రెండున్నర మీటర్లలో, బయట మైదానంలో అయితే ఆ దూరానికి 8 డీబీ దాకా పడిపోవాలి కానీ గదిలో గోడలు తిరిగి కొడతాయి కాబట్టి 5 అనుకో, స్పీకర్లు రెండు కాబట్టి ఒక 3 కలుపు. మొత్తానికి ఒక్కోదానికి ఒక్క వాట్ ఇస్తే నీ కుర్చీ దగ్గర 84 డీబీ. అది తక్కువ సౌండేం కాదు, గట్టిగా మాట్లాడితే గానీ పక్కనోడికి వినపడదు.

వాట్లు డబుల్ చేసినప్పుడల్లా పెరిగేది 3 డీబీనే. 45 వాట్లంటే 1 వాట్ మీద పదహారున్నర డీబీ, అంటే నీకు 100.5 డీబీ పీక్ (క్షణకాలం ఎగిరే గరిష్ఠ సౌండ్) దొరుకుతది. ఆ షాపాయన చూపించిన 100 వాట్లతో? 104. డబ్బులు డబుల్, తేడా మూడున్నర డీబీ, కళ్లు మూసుకుని వింటే "కొంచెం పెరిగినట్టుందే" అంటావ్, అంతే. సౌండ్ రెట్టింపు అనిపించాలంటే 10 డీబీ కావాలి, దానికి 450 వాట్ల యాంప్ కొనాలి.

మృదంగం_మామ

ఓంకారం గారి లెక్క కరెక్టే గానీ ఒక మాట వదిలేశారు. సగటు సౌండ్ వేరు, పీక్ వేరు. ఈమధ్య సినిమా పాటలు మాస్టరింగ్‌లోనే (రికార్డింగ్ చివరి మెరుగులప్పుడే) బాగా నొక్కేసి ఉంటాయి, సగటుకీ పీక్‌కీ మధ్య తేడా 10 డీబీ కూడా ఉండదు ఒక్కోసారి. మంచి కచేరీ రికార్డింగ్ అలా కాదు, గాత్రం నెమ్మదిగా నడుస్తుంటుంది, ఇంతలో మృదంగం మీద ఒక్క దెబ్బ పడుతుంది, అది సగటుకి 20 డీబీ పైన ఉండొచ్చు. ఈయన 75 డీబీ సగటున వింటే యాంప్ ఇచ్చేది వాట్‌లో ఎనిమిదో వంతు, ఆ దెబ్బకి మాత్రం 12, 13 వాట్లు కావాలి, అంతవరకు 45 హాయిగా సరిపోతుంది. అదే 85 సగటున వింటే? ఆ దెబ్బకి 125 వాట్లు కావాలి, అప్పుడు 45 తేలిపోతుంది, దెబ్బలో ఉండాల్సిన చురుకు పోయి చప్పగా "టప్" మంటుంది. కాబట్టి ముందు తేల్చుకోవాల్సింది ఎంత సౌండ్‌లో వింటారు అనేది. ఫోన్‌లో సౌండ్ మీటర్ యాప్ వేసి కుర్చీ దగ్గర పెట్టి చూడండి, పక్కా కొలత రాదు గానీ అంచనాకి పనికొస్తుంది.

ఇంకోటి, ఆ స్పీకర్ 8 ఓమ్స్ అని రాసినా కొన్ని ఫ్రీక్వెన్సీల దగ్గర 3.7 కి పడుతుంది, కంపెనీ వాళ్లే రాశారు. అక్కడ కరెంట్ ఇవ్వగలిగిన యాంప్ కావాలి. డెనాన్ 4 ఓమ్స్‌కి 70 ఇస్తోంది కాబట్టి భయం లేదు, కానీ 8 ఓమ్స్ రేటింగ్ తప్ప వేరేది రాయని చౌక యాంప్‌ల జోలికి పోవద్దు.

కూకట్‌పల్లి_కుర్రోడు

థాంక్స్ మామా, థాంక్స్ ఓంకారం అన్నా. కొలీగ్ దగ్గర రెండ్రోజులకి యాంప్ అడిగి తెచ్చి పెట్టి చూశా. యాప్‌లో మామూలుగా 70 నుంచి 74, తని ఆవర్తనం పెంచి పెడితే 80 సగటు, అప్పుడప్పుడు 95 దాకా ఎగిరింది. మా ఆవిడ తలుపేసుకుంది. కానీ రెండు డౌట్లు. ఒకటి, ల్యాప్‌టాప్ హెడ్‌ఫోన్ సాకెట్ నుంచి పెడితే నాబ్ సగం దాటించాల్సి వస్తోంది, అంటే యాంప్ పవర్ అయిపోవచ్చినట్టా? రెండోది, ట్వీటర్ కాలే ముచ్చట ఎవరూ తేల్చలే.

ఓమ్స్_లా_ఓంకారం

నాబ్ ఎక్కడుంది అనేదానికి ఎన్ని వాట్లు పోతున్నాయి అనేదానికి సంబంధం లేదు. సీడీ ప్లేయర్, డాక్ (డీఏసీ, డిజిటల్ పాటని అనలాగ్ సిగ్నల్‌గా మార్చే డబ్బా) లాంటివి ఫుల్ సిగ్నల్‌కి 2 వోల్టులు ఇస్తాయి, ల్యాప్‌టాప్ సాకెట్ చాలాసార్లు 1 వోల్ట్ కూడా ఇవ్వదు, అందుకే నాబ్ ఎక్కువ తిప్పాల్సొస్తోంది. చిన్న డాక్ ఒకటి పెట్టు, అదే సౌండ్‌కి నాబ్ వెనక్కి వస్తది.

ట్వీటర్ సంగతి. తక్కువ వాట్ల వల్ల ఏ స్పీకరూ కాలదు, అలా అయితే రాత్రిపూట సన్నగా వినేవాళ్ల స్పీకర్లన్నీ ఈపాటికి పోవాలి. యాంప్‌ని దాని శక్తికి మించి తోస్తే అప్పుడు పోతది. బాస్ (కింది స్వరాలు) అప్పటికే యాంప్ శక్తి హద్దుకి తగిలి ఆగిపోయి ఉంటది, నువ్వు ఇంకా నాబ్ తిప్పుతుంటే ట్రెబుల్ (పై స్వరాలు) మాత్రం పెరుగుతూ పోతది, దానికి తోడు ఆ హద్దు దగ్గర తెగిన వేవ్ నుంచి పుట్టే హార్మోనిక్స్ (అదనపు పై స్వరాలు) కూడా ట్వీటర్‌కే పోతాయి. కొన్ని వాట్లకి చేసిన ట్వీటర్‌కి అంత వేడి తట్టుకునే శక్తి ఎక్కడిది. గొంతులో "స" "శ" గీసుకుంటున్నట్టు, చేతి తాళాల మోత తుప్పుపట్టినట్టు వినపడగానే నాబ్ వెనక్కి తిప్పెయ్, అంతే జాగ్రత్త. 200 వాట్ల యాంప్ పెట్టి పార్టీలో ఫుల్ పెట్టినా అదే ట్వీటర్ కాలుతది, ఆ ముక్క షాపుల్లో చెప్పరు.

బాస్ నాబ్‌తో కూడా జాగ్రత్త బ్రో. మనోళ్లకి అలవాటు, యాంప్ రాగానే బాస్ ఫుల్. 10 డీబీ బాస్ పెంచడం అంటే ఆ కింది స్వరాలకి పదింతల పవర్ అడగడం. 3 వాట్లతో పోయేదానికి 30 కావాలి. పైగా క్యూ150లో ఉన్నది ఐదుంపావు అంగుళాల కోన్, 50 హెర్ట్జ్ కింద దాన్ని ఎంత కొట్టినా ఏం రాదు, ఊరికే ఊగుతది. బాస్ కావాలంటే ఆ 100 వాట్ల యాంప్ డబ్బులతో సబ్‌వూఫర్ కొనుక్కో.

జంపఖానా_జానకి

ఇంతసేపూ అందరూ వాట్లు వాట్లు అంటున్నారు, ఆ గదిలో టైల్స్, ఖాళీ గోడలు అని మొదట్లోనే చెప్పారు కదండీ ఆయన. మధ్యలో నిలబడి గట్టిగా ఒక్క చప్పట కొట్టి చూడండి, "ట్రింగ్" మని తోక వినపడితే మీకు కావాల్సింది యాంప్ కాదు. మా విజయవాడ ఇంట్లో ఇదే బాధ, సౌండ్ కొంచెం పెంచగానే చెవులు గీరుకుపోయేవి, యాంప్ చాలట్లేదేమో అనుకునేవారు మావారు. స్పీకర్లకీ కుర్చీకీ మధ్య మందపాటి జంపఖానా పరిచి, కిటికీకి బరువైన కర్టెన్లు వేశాక అదే యాంప్, అవే స్పీకర్లు, ఇంకో రెండు గీతలు పెంచినా హాయిగా ఉంటోంది. మీ పుస్తకాల అలమారా స్పీకర్లకి ఎదురు గోడకి, అంటే మీ వెనక్కి వచ్చేలా మార్చుకోండి. స్పీకర్లు గోడకి ఆనించకండి, వాటి పోర్ట్ (గాలి బయటికొచ్చే రంధ్రం) వెనకే ఉంటుంది, కనీసం ఒక అడుగు వదలండి.

కూకట్‌పల్లి_కుర్రోడు

జానకి గారూ చప్పట కొట్టా. తోక కాదండీ, ఏకంగా జడే ఉంది 😄 ఆదివారం జంపఖానా పని చూస్తా. డెనాన్ తీస్కుంటున్నా, ఫిక్స్. లాస్ట్ డౌట్, మా నాన్న పాత 6 ఓమ్స్ స్పీకర్లు అటక మీద ఉన్నయ్, వాటిని కూడా ఇదే యాంప్‌కి ఇవే టెర్మినల్స్‌లో కలిపేసి హాల్‌లోకి వైర్ లాగొచ్చా? కేబుల్ కూడా ఏది కొనాలో చెప్పండి, మీటర్ వెయ్యి రూపాయలది చూపించిండు అదే షాపాయన.

మృదంగం_మామ

కలపొద్దు. 3.7 కి పడే స్పీకర్‌కి 6 ఓమ్స్ పక్కన ప్యారలల్‌గా పెడితే యాంప్‌కి కనపడేది 2.3 ఓమ్స్. అదృష్టం బాగుంటే యాంప్‌లోని ప్రొటెక్షన్ పడి ఆగిపోతుంది. కేబుల్‌కి ఎలక్ట్రికల్ షాప్‌లో దొరికే ఒకటిన్నర ఎస్‌క్యూ ఎంఎం (చదరపు మిల్లీమీటర్ల మందం) రాగి ఫ్లెక్సిబుల్ వైర్ చాలు, 5 మీటర్లకి రానుపోను 0.1 ఓమ్ చిల్లర, మీ చెవికి తెలిసేదేం కాదు.

కోఠి_గుజరాతీ_గల్లీ

హాల్ స్పీకర్లకి సెపరేట్‌గా చిన్న క్లాస్ డి బోర్డు (తక్కువ వేడితో నడిచే చిన్న యాంప్) పెట్టు భయ్యా, టీపీఏ3116 చిప్‌ది, మా గల్లీలో ఏ షాపులో అడిగినా ఇస్తరు. కానీ "50 ప్లస్ 50" అని రాసింది చూసి ఇంట్ల పడున్న 12 వోల్టుల అడాప్టర్ తగిలిస్తరు అందరు. 12 వోల్టులతోని 8 ఓమ్స్‌కి 9 వాట్లు, మీ నాన్న 6 ఓమ్స్‌కి 12, అంతకన్న ఆ చిప్ ఏం చేసినా రాదు. 24 వోల్టులు, 4 లేదా 5 ఆంపియర్ల అడాప్టర్ తీస్కో. బోర్డు కన్నా అదే ఎక్కువ రేటు ఉంటది, అక్కడ మాత్రం బేరమాడి నాసిరకం తేకు.