అరిజోనా ఎడారి మొక్కల సంఘం చేసే పని మన సోంపేట ఇసుక దిబ్బల మీద కుదురుతుందా?

బారువ తీరం:
మన జిల్లాలో సొంత నేల మొక్కల కోసం పనిచేసే గుంపు ఏదైనా ఉందా? లేకపోతే మొదలుపెట్టాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి? ఎందుకు అడుగుతున్నానంటే, మా అక్కావాళ్ళు అరిజోనాలో టూసాన్‌లో ఉంటారు. అక్కడ అరిజోనా నేటివ్ ప్లాంట్ సొసైటీ అని ఒకటుందట. సెలవురోజుల్లో ఉద్యోగస్తులు, రిటైరైనవాళ్ళు, కాలేజీ పిల్లలు గడ్డపారలు పట్టుకుని కొండెక్కి, బయటి నుంచి వచ్చిన గడ్డిని పీకుతారట. అక్క పంపిన వీడియోలు చూసినప్పటి నుంచి నాకు మన దిబ్బలే గుర్తొస్తున్నాయి. చిన్నప్పుడు బారువ నుంచి అటూ ఇటూ ఎక్కడ చూసినా ఊదా పువ్వుల తీగ పాకి ఉండేది, రావణాసురుడి మీసాలు అనే ఇసుక గడ్డి ముళ్ళబంతులు గాలికి ఇసుక మీద దొర్లుకుంటూ పోతుంటే వాటి వెనక పరిగెత్తేవాళ్ళం. ఇప్పుడు చాలాచోట్ల సరుగుడు తోట, దాని పక్కన సర్కారు తుమ్మ, అంతే. మనం కూడా తుమ్మ పీకడంతో మొదలుపెడదామా? తెలిసినవాళ్ళు చెప్పండి.

పాలకొండ టు ఫీనిక్స్:
తమ్ముడూ, నేను ఇక్కడ అరిజోనాలోనే ఉంటాను, ఆ గడ్డి పనికి నేనూ వెళ్తుంటాను కాబట్టి వివరంగా రాస్తున్నా. దాని పేరు బఫెల్ గ్రాస్. మన దేశంలో దాన్నే అంజన్ గడ్డి అంటారు, రాజస్థాన్ వైపు పశువులకి మంచి మేత. అమెరికాకి 1930ల్లో మేత కోసమనీ, నేల కోసుకుపోకుండా ఉంటుందనీ తెచ్చారు. ఇక్కడి సొనోరన్ ఎడారిలో మొక్కకీ మొక్కకీ మధ్య ఉత్త నేల ఉంటుంది, అందుకే ఎక్కడైనా నిప్పంటుకున్నా పెద్దగా పాకేది కాదు. ఈ గడ్డి ఆ ఖాళీలన్నీ కమ్మేసి ఎండిపోతుంది, ఒక్క నిప్పురవ్వ పడితే చాలు కొండవాలంతా కాలిపోతుంది. కాలాక గడ్డి మళ్ళీ మొలుస్తుంది, చెట్టంత ఎదిగే సగువారో కాక్టస్ మాత్రం పోయినట్టే. అది మొదటి ఎనిమిదేళ్ళలో అంగుళం, అంగుళంన్నర మించి ఎదగదు, అదీ పాలో వెర్డే లాంటి చెట్టు నీడ దొరికితేనే. మొదటి కొమ్మ వెయ్యడానికి యాభై ఏళ్ళ పైమాటే. అలాంటిది ఒక్క మధ్యాహ్నంలో పోతుంటే చూడలేం.

పీకడంలో పద్ధతి ఉంది. పైన పట్టుకుని లాగితే తెగిపోయి మళ్ళీ చిగురిస్తుంది, దుబ్బు మొదట్లో గడ్డపార దింపి వేర్లతో సహా లేపాలి. కంకులుంటే గింజ రాలకుండా ముందే సంచిలో వెయ్యాలి. మందు కొట్టాలంటే వేసవి వానల తర్వాత గడ్డి పచ్చగా ఉన్న కొద్ది వారాల్లోనే కొట్టాలి, ఎండాక కొడితే దండగ.

కానీ సంఘమంటే గడ్డి పీకడం ఒక్కటే కాదు. మొక్కల్ని గుర్తుపట్టడానికి నడకలు పెడతారు, తెలిసినవాళ్ళని పిలిచి మాట్లాడిస్తారు. చట్టం కూడా వీళ్ళకి అండగా ఉంది, సొంత స్థలంలో ఉన్నా సరే సగువారోని తియ్యాలంటే ముందు రాష్ట్ర వ్యవసాయ శాఖకి చెప్పాలి. టూసాన్‌లో కాక్టస్ సొసైటీ వాళ్ళు వేరే ఉన్నారు, ఇళ్ళో రోడ్లో వచ్చే స్థలాల్లోకి బుల్డోజర్ దిగకముందే వెళ్ళి కాక్టస్‌లని తవ్వి తెచ్చుకుంటారు, 1999 నుంచీ అదే పని.

ఉద్దానం రైతు:
అంతా బాగుంది గానీ బాబూ, సరుగుడు జోలికి రాకండి. 2018లో తిత్లీ తుఫానుకి కొబ్బరి, జీడి పోయి ఎంతమంది రోడ్డున పడ్డారో ఇక్కడివాళ్ళకి తెలుసు. కొబ్బరి మొక్క నాటితే కాపుకి ఎన్నేళ్ళు చూడాలి? సరుగుడైతే నాలుగైదేళ్ళలో కోతకొస్తుంది, పేపరు మిల్లుల వాళ్ళు కొంటారు. గాలిని కూడా కాస్త ఆపుతుంది. ఇది బయటి చెట్టు అని ఎవరో వచ్చి చెబితే నరుక్కోడానికి మేం సిద్ధంగా లేం.

విజయనగరం బోటనీ మాస్టారు:
రైతు గారి మాటలో న్యాయముంది. తోటలు నరకమని ఎవరూ అనకూడదు, అంటే ఆ రోజుతోనే ఊళ్ళోవాళ్ళు మనకి దూరమవుతారు. గొడవ తోటతో కాదు, తోటని అలల అంచుదాకా తోసెయ్యడంతో. సరుగుడు కింద రాలిన పుల్లాకు మందంగా పేరుకుని మరో మొక్కని లేవనివ్వదు. సముద్రం వైపు దిబ్బ ముఖాన్ని పట్టి ఉంచేవి నువ్వు చెప్పిన ఆ మేకడెక్క ఆకుల తీగ, రావణాసురుడి మీసాలు, వాటి వెనక మొగలి. తీగని ఎత్తి చూడు, కణుపు కణుపుకీ వేళ్ళు దిగి ఉంటాయి, గాలికి వచ్చిన ఇసుక మీద పడితే దాని పైకి మళ్ళీ పాకుతుంది. ఆలివ్ రిడ్లే తాబేళ్ళు ఎక్కి గుడ్లు పెట్టడానికి కూడా ఆ ముందు పట్టీలో చెట్లు లేకుండా ఉండాలి. అక్కడ మాత్రం కొత్తగా సరుగుడు వెయ్యొద్దని అడుగుదాం.

ఇక సర్కారు తుమ్మ సంగతి. అది అమెరికా ఖండాల చెట్టు, 1877లో మన కడప జిల్లాలోనే నాటారు. దాని దగ్గరి చుట్టం వెల్వెట్ మెస్కీట్ అరిజోనా వాగుల పక్కన సొంత చెట్టు, అక్కడి తోహోనో ఓధమ్ జనం దాని కాయల్ని పిండి చేసుకుని తింటారు. అక్కడి కంటకం మనకి మేత, వాళ్ళ చెట్టుకి చుట్టం మనకి కంటకం. అందుకే పేరు చూసి పీకెయ్యకుండా ముందు ఏ దిబ్బ మీద ఏముందో ఫోటోలతో సహా రాసుకోండి. తుమ్మ పీకడం చేతుల్తో అయ్యే పని కూడా కాదు, నరికితే మోడు నుంచి గుంపుగా చిగురేస్తుంది.

బారువ తీరం:
మాస్టారూ, మరి నాటడం ఎప్పుడు? నర్సరీల్లో ఈ తీగ దొరకదు కదా.

విజయనగరం బోటనీ మాస్టారు:
నర్సరీ అక్కర్లేదు. తొలకరి పడ్డాక రెండు మూడు కణుపులున్న తీగ ముక్కలు కోసి తడి ఇసుకలో పడుకోబెట్టి పూడ్చితే చాలు. మొగలికి పిలకలు తియ్యాలి. ఇచ్ఛాపురం దాటితే గంజాంలో మొగలి పువ్వు నుంచి అత్తరు తీస్తారు, ఆ పువ్వుకి జీఐ గుర్తింపు (ఆ ప్రాంతానిదే అని చెప్పే ముద్ర) కూడా ఉంది, రైతులతో మాట్లాడేటప్పుడు ఇది చెప్పు, వింటారు. ఇసుక దిబ్బలు తీర రక్షణ నిబంధనల కిందకి వస్తాయి కాబట్టి ముందు అటవీ శాఖ రేంజి ఆఫీసులో కాగితం పెట్టు. జనవరి నుంచి మార్చి దాకా తాబేళ్ళ కాలం, ఆ నెలల్లో దిబ్బ ముందు తవ్వకాలు పెట్టుకోకు.

ఉద్దానం రైతు:
మా తోట చివర, గట్టు మీద మొగలి పొద ఉంది. పిలకలు కావాలంటే వచ్చి తీసుకెళ్ళండి బాబూ. తోలు గ్లౌజులు తెచ్చుకోండి, ఆకు అంచుల ముళ్ళకి చేతులు గీరుకుపోతాయి.