పైలట్ కావాలంటే ముందు కెప్టెన్‌గా పనిచేసి తీరాలా?

రేవుబాట:
రేవు దగ్గర ఓడెక్కి దారి చూపే మెరైన్ పైలట్ల గురించి అడుగుతున్నా. కొన్ని దేశాల్లో మాస్టర్‌గా, అంటే ఓడ కెప్టెన్‌గా పనిచేసినవాళ్లనే తీసుకుంటారు. ఇంకొన్నిచోట్ల అప్రెంటిస్‌గా చేరి ఏళ్ల తరబడి సీనియర్ల వెంట తిరిగి పైలట్ అవుతారు. నాకు రెండోదే మంచి పద్ధతి అనిపిస్తుంది. నడిసముద్రంలో వారాలకొద్దీ ఓడ నడిపిన అనుభవం రేవులోకి వెళ్లే ఇరుకు నీటిదారిలో (ఛానెల్లో) ఎంత పనికొస్తుంది?

పాత_నావికుడు:
ఒప్పుకోను. పైలట్ ఎక్కేది ముక్కూ మొహం తెలియని ఓడ. కొద్ది నిమిషాల్లో ఆ కెప్టెన్ అతన్ని నమ్మాలి. పైగా పనామా కాలువ లాంటి చోట్ల తప్ప, పైలట్ ఉన్నా బాధ్యత మాస్టర్‌దే. ఆ బరువు మోసినవాడికే మాస్టర్ టెన్షన్ అర్థమవుతుంది. 2007లో కాస్కో బుసాన్ ఓడ పొగమంచులో శాన్‌ఫ్రాన్సిస్కో బే బ్రిడ్జ్‌కి తగిలి ఆయిల్ కారిపోయింది కదా, పైలట్, మాస్టర్ సరిగ్గా మాట్లాడుకోకపోవడం కూడా ఒక కారణమని దర్యాప్తులో తేలింది.

రేవుబాట:
అన్నా, ఆ పైలట్‌కి ఇరవై ఏళ్లకు పైగా అనుభవం ఉంది, అయినా జరిగింది. వాడుతున్న మందుల వల్ల అతని ఆలోచన మందగించిందని కూడా ఆ దర్యాప్తే చెప్పింది. అంటే హోదా, సర్వీసు చూసి ధీమాగా ఉండలేం. లోతు తక్కువ నీళ్లలో వేగం రెట్టింపు చేస్తే ఓడ కిందికి దిగడం దాదాపు నాలుగింతలవుతుంది, ఒడ్డుకి దగ్గరగా పోతే వెనక భాగాన్ని ఒడ్డు లాగేసుకుని ముక్కు అవతలికి తిరుగుతుంది. ఇవి ఒంటికి పట్టాలంటే అదే ఛానెల్లో, అవే ఆటుపోట్లలో, రాత్రీ పగలూ మళ్లీ మళ్లీ తిరగాల్సిందే.

ట్రైనీ_2:
నేను మాస్టర్‌గా చేయలేదు, ఇప్పుడు శిక్షణలో ఉన్నాను. సిమ్యులేటర్ చాలా నేర్పింది, కానీ ఓడని లాగే చిన్న పడవ, అదే టగ్, దాని తాడు బిగుసుకున్నప్పుడు ఓడ ఎంత ఆలస్యంగా స్పందిస్తుందో ఓడ నడిపే గదిలో, అంటే బ్రిడ్జ్ మీద నిలబడితేనే తెలిసింది. సీనియర్ చేతులు కట్టుకుని చూస్తూ, అవసరమైతే తప్ప కలగజేసుకోకుండా ఉన్న ట్రిప్పులే నన్ను మార్చాయి. 2003 నాటి ఐఎంఓ (అంతర్జాతీయ సముద్రయాన సంస్థ) సిఫార్సు కూడా పైలట్ల నైపుణ్యాన్ని ఐదేళ్లకు మించకుండా మళ్లీ మళ్లీ చూడమంటుంది. ఇది మాజీ కెప్టెన్లకీ వర్తించాలి.

పాత_నావికుడు:
అది సరే తమ్ముడూ, కానీ కనీసం కొన్నేళ్లు పెద్ద ఓడల మీద ఆఫీసర్‌గా వాచ్ (వంతులవారీ నడిపే డ్యూటీ) చేసి ఉండాలి. ఆ షరతు మాత్రం వదలను.