అప్‌డేట్: పిల్లల పుస్తకాల చిత్రకారిణి మా బడికి వచ్చి వెళ్లారు

పిల్లల పుస్తకాలకు బొమ్మలు వేసే చిత్రకారిణి మా ప్రైమరీ స్కూల్‌కి వస్తున్నారని, ఒకటి నుంచి ఐదో తరగతి దాకా అందరినీ ఒకేసారి హాల్లో కూర్చోబెట్టడం కుదురుతుందా అని ఇక్కడ అడిగాను. సలహాలిచ్చిన అందరికీ థాంక్స్. కార్యక్రమం చాలా బాగా జరిగింది.

అన్నిటికంటే పనికొచ్చింది, ఆమె పుస్తకాలు ముందే క్లాసులో చదివి వినిపించమన్న సలహా. పిల్లలు ఆమెను తెలిసిన మనిషిలా చుట్టుముట్టేశారు. "ఆ పిల్లి చివరి పేజీలో ఎందుకు లేదు?" అని రెండో తరగతి పాప అడగ్గానే ఆవిడ ముఖం వెలిగిపోయింది. పుస్తకం చదివిన పిల్లలే ఇలాంటి ప్రశ్నలు అడగగలరు.

హాల్ సంగతి ఆవిడే తేల్చారు: ఒకటి, రెండు తరగతులకు విడిగా, అరగంటలోపు, ఎక్కువసేపు వాళ్ల ముందే బొమ్మ గీస్తూ. పెద్ద తరగతుల పిల్లలకు మాత్రం కొట్టివేతలున్న చిత్తు బొమ్మలు, చేత్తో చేసిన నమూనా పుస్తకం చూపించారు. ఇలాంటి పుస్తకాలకు తరచూ 32 పేజీలే ఎందుకుంటాయో కూడా చెప్పారు. పెద్ద కాగితాన్ని నాలుగుసార్లు సగానికి మడిస్తే 16 ఆకులు, రెండు వైపులా కలిపి 32 పేజీలు. అయిదో తరగతి వాళ్లు వెంటనే నోట్‌బుక్ కాగితాలు చింపి మడిచేశారు!

ప్రొజెక్టర్, స్టేజి అలంకరణ గురించి పడ్డ టెన్షన్ అనవసరం. స్టాండు మీద పెద్ద కాగితం, లావుపాటి మార్కర్లు సరిపోయాయి. సంతకాలకు మాత్రం ప్రతి పుస్తకంలో పిల్లల పేరు రాసిన చీటీ ముందే పెట్టండి, చాలా సమయం కలిసొస్తుంది.