మన పార్టీ చెబితే నిజం, అవతలి పార్టీ చెబితే అబద్ధం: ఇది నమ్మకమేనా?

ఎంవీపీ కాలనీ వాసి:
మొన్న ఆదివారం టిఫిన్ దగ్గర మా నాన్నగారిని అడిగాను. "ఒక ఐటీ కంపెనీకి 21 ఎకరాలు 99 పైసలకు ఇచ్చారట, మీరేమంటారు?" ఆయన పెసరట్టు తుంచుతూ అన్న మొదటి మాట, "ఏ ప్రభుత్వం?" నేను చెప్పింది 2025లో మన విశాఖ రుషికొండలో టీసీఎస్‌కు ఇచ్చిన స్థలం గురించి. ఉద్యోగాలు ఎన్ని, షరతులు ఏంటి అని అడగలేదు. ఎవరిచ్చారో తెలిస్తే చాలు, అది మంచో చెడో ఆయనకు తెలిసిపోతుంది. ఆయనది ఏ పార్టీయో చెప్పను. అవతలి పార్టీ ఇంట్లో అడిగినా ఇదే ప్రశ్న వచ్చేది. ముందు జెండా పట్టుకుంటున్నాం, ఆ తర్వాత దాని కింద ఎవరు నిలబడితే వాళ్లని నమ్ముతున్నాం. కాదంటారా?

కూర్మన్నపాలెం:
ఎందుకు కాదంటాం? మా స్టీల్ ప్లాంటుకి రండి, చూపిస్తాను. 1966 ఉద్యమంలో 32 మంది ప్రాణాలు పోతే వచ్చిన ప్లాంటు ఇది. 2021 జనవరిలో కేంద్రం వంద శాతం వాటా అమ్మేయడానికి సూత్రప్రాయంగా ఒప్పుకుంది. అప్పుడు మా క్యాంటీన్‌లో ఇద్దరు రోజూ వాదించుకునేవారు. ఒకాయన "రాష్ట్రం గట్టిగా పట్టుబడితే కేంద్రం ఆగదా?" అనేవాడు. రెండో ఆయన "కేంద్రం ఆస్తి, రాష్ట్రం ఏం చేస్తుంది?" అనేవాడు. 2024 జూన్‌లో ప్రభుత్వం మారింది. నెల తిరగకుండా ఒకరి డైలాగు ఇంకొకరు తీసేసుకున్నారు, అక్షరం పొల్లుపోకుండా! 2025 జనవరిలో 11,440 కోట్ల ప్యాకేజీ ప్రకటిస్తే ఒకరికి అది ప్రాణం పోయడం, రెండో వారికి అప్పులకే చాలని డబ్బు. ఇద్దరూ ఒకే షిఫ్టు, ఒకే జీతం. ఆ జీతం ఆలస్యమైతే ఇద్దరికీ ఒకటే టెన్షన్.

పెదవాల్తేరు:
మీరిద్దరూ జనాన్ని మరీ తీసిపారేస్తున్నారు. మా అమ్మకి గుండె ఆపరేషన్ ఆరోగ్యశ్రీలో అయింది. మేం రూపాయి కట్టలేదు. 2007లో ఆ పథకం తెచ్చిన రాజశేఖరరెడ్డి గారి ఫొటో ఇప్పటికీ మా హాల్లో ఉంది. మా పక్కింటివాళ్లు 2014 హుద్‌హుద్ మర్చిపోరు. ఊరంతా కరెంటు లేకుండా పడి ఉంటే చంద్రబాబు గారు ఇక్కడే మకాం వేశారని ఈరోజుకీ చెబుతారు. ఇలా అనుభవంతో వచ్చిన నమ్మకాన్ని గుడ్డి అభిమానం అంటే నేనొప్పుకోను.

ఎంవీపీ కాలనీ వాసి:
అమ్మగారి విషయంలో కృతజ్ఞత న్యాయమే అండి. అయితే ఆ ఆపరేషన్ పేరు చెప్పి, ఇవాళ ఒక రోడ్డు టెండరు మీద ఆ పార్టీ వాళ్లు చెప్పిందల్లా నమ్మాలా? నా అభ్యంతరం అంతవరకే. హుద్‌హుద్ సంగతీ అంతే.

గాజువాక కుర్రోడు:
జెండా అంత గట్టిగా పట్టుకుంటే మా గాజువాక ఎలా మారింది గురూ? 2019లో పవన్ కల్యాణ్‌నే ఓడించి వైసీపీని గెలిపించాం. 2024లో అదే గాజువాక టీడీపీకి 95,235 మెజారిటీ ఇచ్చింది, రాష్ట్రంలో అన్నిటికన్నా ఎక్కువ. సిటీ చూడండి. 2019లో రాష్ట్రమంతా ఫ్యాను గాలి, 151 సీట్లు. సిటీలో తూర్పు, పడమర, ఉత్తరం, దక్షిణం నాలుగూ సైకిలే. రెండేళ్లకి మన నగర కార్పొరేషన్ జీవీఎంసీలో 98 వార్డులకి 58 వైసీపీవి. జనం లెక్క చూసుకునే ఓటేస్తున్నారు.

కూర్మన్నపాలెం:
తమ్ముడూ, ఊగేది మధ్యలో వాళ్లే. 2024లో వైసీపీకి 11 సీట్లే వచ్చినా ఓట్లు దాదాపు 40 శాతం. అంత గాలిలోనూ కదలని వాళ్లు వాళ్లు. 2019లో ఓడిన టీడీపీకీ దాదాపు అంతే. ఇంకో తమాషా చెప్పనా? కార్పొరేటర్లు చకచకా కండువాలు మార్చేసి 2025 ఏప్రిల్‌లో అవిశ్వాసం పెట్టి మేయర్‌ని దించేశారు. మా బావ మాత్రం కండువా మార్చలేదు. ఎన్నికలప్పుడు మాటామాటా అనుకుని మా ఇంటికి రావడమే మానేశాడు. మా అక్క ఒక్కతే పండక్కి వచ్చి వెళ్తోంది.

పెదవాల్తేరు:
అయ్యో. సరే, నాకూ ఒకటి అనిపిస్తోంది. మా అపార్ట్‌మెంట్ గ్రూపులో డేటా సెంటర్ గురించి, రైల్వే జోన్ గురించి తెల్లారేదాకా కొట్టుకుంటారు. కుళాయి రాకపోతే మాత్రం ఏ పార్టీ వాడైనా ఒకే ఫొటో పెడతాడు, ఖాళీ బిందె. కంటికి కనిపించేదానికి పార్టీ అడ్డం రాదు. మనం వెళ్లి చూడలేనిదానికే పార్టీ కళ్లజోడు కావాలి.

ఎంవీపీ కాలనీ వాసి:
ఈ మాట బాగుంది, ఒప్పుకుంటున్నాను. నిన్న సాయంత్రం నాన్నగారి మీదే పరీక్షించాను. "మన వీధి కాలువ మూడు వారాలుగా పొంగుతోంది" అన్నాను. ఈసారి ఏ ప్రభుత్వం అని అడగలేదు. వెంటనే కార్పొరేటర్‌కి ఫోన్ కొట్టి గట్టిగానే అడిగారు. ఫోన్ పెట్టేశాక నా వైపు తిరిగి, "ఇంతకీ ఇతను ఇప్పుడు ఏ పార్టీరా?" అన్నారు.