“నాకు లేమి కలుగదు”: అమ్మ కార్డు మీద ఏ మాట వేయించాలి?

అందరికీ వందనాలు. మాది ఒంగోలు దగ్గర గుండ్లకమ్మ ఒడ్డున ఒక పల్లె. అమ్మ పోయి వచ్చే నెలకు ఏడాది. జ్ఞాపకార్థ కూడికకు కార్డు వేయిస్తున్నాం. ఫొటో కింద 23వ కీర్తన మొదటి వచనం ఉండాలని ఇంట్లో అందరిదీ ఒకటే మాట. పేచీ ఒక్క పదం దగ్గరే వచ్చింది. అమ్మ చదివించుకున్న పాత బైబిల్లో “యెహోవా నా కాపరి నాకు లేమి కలుగదు” అని ఉంది. మా తమ్ముడి కూతురేమో “లేమి అంటే ఇప్పుడెవరికి తెలుసత్తా, కొదువ లేదు అని వేయిద్దాం” అంటోంది. నాకు లేమి తీసేయడానికి మనసొప్పడం లేదు. ఎందుకో చెబుతాను, మీరూ చూడండి.

తెలుగులో కలదు, లేదు ఎదురెదురు మాటలు. కలిమి, లేమి కూడా అంతే. మరి “లేమి కలుగదు” అన్నప్పుడు ఆ రెండూ ఒకే చోట కలిశాయి. భయం కలుగుతుంది, అనుమానం కలుగుతుంది అన్నట్టే లేకపోవడం కూడా మనిషికి కలిగే సంగతి, అది నాకు కలగదు అంటోంది వచనం. నాకు అన్నీ ఉన్నాయని ఎక్కడా అనలేదు.

అమ్మకు అన్నీ ఎప్పుడూ లేవు. మా చిన్నప్పుడే నాన్న పోయాడు. పొగాకు ఆరబెట్టే బ్యారన్ల దగ్గర పచ్చాకును కర్రలకు కట్టే పనికి, తర్వాత ఆకు గ్రేడింగుకు పోయి మమ్మల్ని సాకింది. పొగాకు జిగురు చేతికి అంటితే నల్లగా పట్టేస్తుంది, ఎంత రుద్దినా ఒక పట్టాన వదలదు. ఆ చేత్తో అన్నం కలిపితే ముద్ద చేదు. అందుకని మాకు గరిటెతో కలిపి పెట్టేది, తను మాత్రం ఆ చేత్తోనే తినేది.

డబ్బాలో బియ్యం అయిపోతే “లేవు” అని అమ్మ నోట రాలేదు. “నిండుకున్నయ్యి” అనేది. ఇది తెలుగిళ్ళన్నిటిలో ఉన్న మాటే, ఏ దేవుణ్ణి కొలిచేవాళ్ళయినా అంటారు. అమ్మ దాన్ని ప్రార్థనలోకి కూడా తీసుకుపోయింది. రాత్రి మోకాళ్ళ మీద ఉండి, “ప్రభువా, బియ్యం నిండుకున్నయ్యి, నీకు తెలుసు” అనేది. అంతే, ఇవ్వమని అడగడం ఉండేది కాదు. తెల్లారి పక్కింటికి పోయి సోలెడు బియ్యం బదులు తెచ్చేది. ఆ రాత్రి ప్రార్థనలో బదులిచ్చినామె పేరు కూడా ఉండేది. తిరిగి ఇచ్చేటప్పుడు సోల అంచు దాటి, పైకి రాశి నిలిచేటట్టు పోసి పంపేది.

ఇంకొకటి. అమ్మకు చదువు రాదు, అంతా గుళ్ళో విని నేర్చుకున్నదే. ఇంట్లో “ఏంది, యాడ” అనే మనిషి ప్రార్థనకు వచ్చేసరికి “గాఢాంధకారపు లోయలో నేను సంచరించినను ఏ అపాయమునకు భయపడను” అని తడుముకోకుండా అనేది. గ్రాంథికం పుస్తకాల్లోనే మిగిలిందనేవాళ్ళు మా వైపు కూలికి పోయే ఆడవాళ్ళ ప్రార్థన ఒకసారి వినాలి. సంచరించినను అనే మాటను అమ్మ ఎక్కడా తగ్గించి పలకలేదు.

ఈ నమ్మకం మా ఊళ్ళలో నిలిచిన కాలం కూడా తలుచుకోవాలి. 1876-78 ధాత కరువులో ఒంగోలు మిషనరీ క్లౌ దొర బకింగ్‌హాం కాలువ తవ్వకంలో మూడున్నర మైళ్ళ పని కాంట్రాక్టుకు తీసుకుని కరువు జనానికి కూలి దొరికేటట్టు చేశాడు. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. లేమి అంటే ఏందో ఆ కరువు దాటిన వాళ్ళకు ఒకరు అర్థం చెప్పక్కర్లేదు. అలాంటి వాళ్ళ నోట పడి అమ్మ దాకా వచ్చిన మాట కాబట్టే నాకు ఇంత పట్టుదల.

నెల్లూరు నుంచి ఒక తమ్ముడు:
అక్కా, కొదువ తప్పు మాటేం కాదు. కానీ మా వైపు నగ తాకట్టు పెట్టడాన్ని కుదవ పెట్టడం అంటాం. రెండూ వేరే మాటలే అయినా చెవికి దగ్గరగా వినిపిస్తాయి. కమ్మలు కుదవ పెట్టి పిల్లల్ని చదివించిన తల్లుల ఊళ్ళు మావి, కార్డు చూడగానే మాకు అదే తడుతుంది. ఇంకో మాట. కాపరిని వదిలేసి లేమి ఒక్కదాన్నే పట్టుకోవద్దు. నెల్లూరు గొర్రెల్లో పల్ల, జొడిపి, దొర అని మూడు రకాలు. ఎండాకాలం ఊళ్ళో మేపు తగ్గితే కాపర్లు మందను తోలుకుని మేత ఉన్న తావుకు పోతారు. ఆ తావు ఎక్కడో గొర్రెకు తెలియదు, తెలియక్కర్లేదు. మీ అమ్మగారు “నీకు తెలుసు” అనింది నాకు అట్లానే వినిపించింది.

కనిగిరి నుంచి, తెలుగు మాస్టారుగా చేసి రిటైరైన ఒక పెద్దాయన:
అమ్మా, లే అనే ధాతువుకు మి చేరి లేమి అయింది. తెలియమి, చేయమి, ఒల్లమి ఈ కోవలోవే, అన్నీ వ్యతిరేకార్థాలు. కలిమి, బలిమి, చెలిమిలో ఉన్నది ఇమి, అది వేరు. పుట్టుక వేరైనా కలిమిలేములు జంటగా నిలిచిపోయాయి. “కలిమిలేములు కావడి కుండలు” అనే సామెత విన్న పిల్లకు లేమి కొత్త మాట కాదు, మీ మేనకోడలికి నెమ్మదిగా చెప్పండి. అదే కీర్తనలో అయిదో వచనం కూడా చూడండి: “నూనెతో నా తల అంటియున్నావు, నా గిన్నె నిండి పొర్లుచున్నది.” అభిషేకించావు అని బరువుగా పెట్టకుండా తల అంటడం అన్నారు. మన ఇళ్ళలో ఆ పని చేసేది తల్లి.

మాస్టారూ, మీరు చెప్పింది చదివి కాసేపు ఏమీ రాయలేకపోయాను. క్రిస్మస్ ముందు రోజు అమ్మ మా అందరికీ నువ్వుల నూనెతో తలంటేది, ఒక ఏడు ఆ నూనె కూడా బదులు తెచ్చిందే. మంచాన పడ్డాక నేను తనకు నూనె రాస్తుంటే ఆ వచనమే అందుకునేది. బియ్యం డబ్బా విషయంలోనూ, గిన్నె విషయంలోనూ ఆమె నోట నిండు అనే మాటే ఉండేదని ఇప్పుడు తడుతోంది.

మేనకోడలికి మీరందరూ రాసినవి చూపించాను, సరేనంది. ముందు వైపు మొదటి వచనం పూర్తిగా, లేమితోనే. వెనక వైపు అయిదో వచనం. ప్రెస్సు వాళ్ళు ప్రూఫులో పొర్లుచున్నదిని “పొంగుచున్నది” అని మార్చి పంపారు. పొర్లుచున్నది అనే ఉంచమని ఇప్పుడే ఫోన్ చేసి చెప్పాను.